మధ్యయుగపు చర్చి ముద్రలు, పవిత్రావశేషాలు, వాటిని కాపాడిన తొలి పురావస్తు సేకర్తలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యయుగపు చర్చి ముద్రల గురించి, పునీతుల అవశేషాల గురించి తెలుగులో వివరంగా దొరికే సమాచారం తక్కువ. ఐరోపా మొత్తాన్నీ పైపైన చుట్టి రావడం కంటే ఒక్క చోటును గట్టిగా పట్టుకోవడం మేలని, ఉత్తర ఇంగ్లండులోని డర్హమ్ కథీడ్రల్‌ను (బిషప్ ప్రధాన చర్చి; మధ్యయుగంలో దాన్ని మఠపు సన్యాసులే నడిపారు) ఇక్కడ ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాం. పత్రాలకు ఇంకా వేలాడుతున్న ముద్రలు, 7వ శతాబ్దపు పునీతుడైన బిషప్ కత్‌బర్ట్ శవపేటిక, వాటిని వెలికితీసి వర్ణించిన పండితుల రాతలు మూడూ ఒకే ఆవరణలో దొరకడం అరుదు.

ముద్ర అంటే అచ్చా, మైనం మీద పడిన గుర్తా?

రెండింటినీ ముద్ర అనే అంటారు కాబట్టి తికమక సహజం. లోహంపై బొమ్మను, అక్షరాలను తిరగేసి చెక్కినది అచ్చు. దాన్ని మెత్తని మైనంలో నొక్కితే పడినది ముద్ర. అచ్చు ఒక్కటే ఉంటుంది, దానితో వేసిన ముద్రలు వందలుగా ఉండవచ్చు. అచ్చులు ఎక్కువగా రాగి మిశ్రమంతోను, హోదా కలిగిన వారివి వెండితోను చేసేవారు. దంతంతోను, సీసంతోను చేసినవి కూడా ఉన్నాయి. మ్యూజియం చీటీ మీద ‘ముద్ర’ అని మాత్రమే రాసి ఉంటే, ముందున్నది లోహమా మైనమా అన్నది చూసుకున్న తరువాతే మిగతా వివరం చదవడం మంచిది.

చర్చికి ముద్రలతో అంత అవసరం ఎందుకు వచ్చింది?

మఠాలకు, కథీడ్రళ్లకు భూములు, గ్రామాలు, దశమభాగాల (చర్చికి చెల్లించే పదో వంతు) మీద హక్కులు ఉండేవి. ఆ హక్కులకు సాక్ష్యం చర్మపత్రం, ఆ చర్మపత్రానికి సాక్ష్యం దాని అడుగున వేలాడే ముద్ర. సంతకం పెట్టే అలవాటు ఇంకా స్థిరపడని కాలంలో, ఈ మాట ఫలానా బిషప్‌దే అని చెప్పగలిగినది ముద్ర ఒక్కటే. 1237లో పోప్ ప్రతినిధి ఓటో లండన్‌లో జరిపిన సభ, ఇంగ్లండులో పత్రాలను ధ్రువీకరించే నోటరీలు లేరన్న కారణంతో, ఆర్చిబిషప్పులు, బిషప్పులు మొదలుకొని మఠాధిపతులు, కథీడ్రల్ మండళ్ల వరకు అందరూ ప్రామాణికమైన ముద్రలు ఉంచుకోవాలని ఆదేశించింది. 1307 నాటి కార్లైల్ శాసనం మరో అడుగు ముందుకు వేసి, మఠం ఉమ్మడి ముద్ర అచ్చు మఠాధిపతి ఒక్కడి చేతిలో ఉండరాదని, ప్రయర్‌తో (మఠాధిపతి తరువాతి అధికారి) పాటు నమ్మకస్తులైన నలుగురు సన్యాసుల అధీనంలో ఉండాలని చెప్పింది. అచ్చు ఎవరి చేతిలో ఉంటే మఠం ఆస్తి వారి చేతిలో ఉన్నట్టే గనుక ఈ జాగ్రత్త అవసరమైంది.

మైనపు ముద్రను ఎలా తయారుచేసేవారు?

తేనెమైనంలో చెట్ల జిగురు కలిపి కరిగించేవారు. జిగురు వల్ల ముద్ర గట్టిపడుతుంది, అచ్చులోని సన్నని గీత కూడా స్పష్టంగా పడుతుంది. ఎరుపు కావాలంటే ఇంగిలీకం, ఆకుపచ్చ కావాలంటే రాగి చిలుము కలిపేవారు. రంగు కలపని మైనం కాలక్రమాన గోధుమరంగుకు తిరుగుతుంది. చర్మపత్రం అడుగు అంచును మడిచి, చీలిక చేసి, అందులోంచి చర్మపు పట్టీని గాని పట్టుతాడును గాని లాగి, దాని చివరలను మైనపు ముద్దలో ఇమిడ్చి, పైన అచ్చు నొక్కేవారు. రెండు వైపులా బొమ్మ కావాలంటే రెండు అచ్చుల మధ్య మైనాన్ని అదిమేవారు. పట్టీ మైనం గుండా పోతుంది కాబట్టి ముద్రను పగలగొట్టకుండా, పత్రాన్ని కోయకుండా రెండింటినీ విడదీయడం కష్టం. ముద్రకు నమ్మకం తెచ్చిపెట్టినది ఈ ఏర్పాటే.

బిషప్ ముద్రను చూసి గుర్తుపట్టడం ఎలా?

చాలా సందర్భాల్లో ఆకారమే చెబుతుంది. మతాధికారుల ముద్రలు ఎక్కువగా పైనా కిందా మొన తేలిన కోలాకారంలో ఉంటాయి. నిలువెత్తు మనిషిని చూపడానికి ఆ ఆకారం అనువైనది. తలపై మైటర్ (బిషప్ ఎత్తైన టోపీ), ఎడమచేతిలో దండం, ఆశీర్వదిస్తున్న కుడిచేయి, అంచు చుట్టూ లాటిన్‌లో ఆయన పేరు, ఆయన అధీనంలోని మతప్రాంతం పేరు ఉంటాయి. చదవడం పైభాగాన ఉన్న చిన్న సిలువ గుర్తు నుంచి మొదలుపెట్టాలి.

డర్హమ్ బిషప్పులు ఈ పద్ధతితో ఆగలేదు. వారికి మతాధికారంతో పాటు ఆ ప్రాంతంపై రాజుకు దీటైన పాలనాధికారం కూడా ఉండేది. 1345 నుంచి 1381 వరకు బిషప్‌గా ఉన్న థామస్ హాట్‌ఫీల్డ్ పాలనాముద్ర రాజముద్రలా గుండ్రంగా, రెండు వైపులా బొమ్మలతో ఉంటుంది. ఒక వైపు ఆయన కవచం తొడిగి గుర్రం మీద దూసుకుపోతుంటాడు, శిరస్త్రాణం మీద మాత్రం బిషప్ మైటర్ ఉంటుంది. ఆ పదవి స్వరూపాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన మరో సాక్ష్యం నాకు కనిపించలేదు.

డర్హమ్ మఠం ముద్ర మీద రోమన్ దేవుడు జూపిటర్ తల ఉందంటారు, నిజమేనా?

నిజమే. ముందువైపు నాలుగు చేతులూ సమానంగా ఉన్న సిలువ, దాని చుట్టూ ఇది పునీత బిషప్ కత్‌బర్ట్ ముద్ర అని లాటిన్ అక్షరాలు ఉంటాయి. వెనుకవైపు మధ్యలో దట్టమైన గడ్డం, జుట్టు ఉన్న పురుషుడి తల కనిపిస్తుంది. అది ప్రాచీన రోమన్ రత్నం మీద చెక్కిన జూపిటర్. సన్యాసులు ఆ పాత రత్నాన్ని తమ అచ్చులో పొదిగి, చుట్టూ ‘కాపుత్ సాంక్తి ఓస్వాల్డి రేజిస్’, అంటే పునీతుడైన ఓస్వాల్డ్ రాజు శిరస్సు అని చెక్కించారు.

దీన్ని అజ్ఞానం కింద కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. ఓస్వాల్డ్ నార్తంబ్రియా రాజు. 642లో మేసర్‌ఫీల్డ్ యుద్ధంలో చనిపోయాడు, శత్రువులు తల నరికారు. ఆ తలను తరువాత కత్‌బర్ట్ శవపేటికలోనే పెట్టారు. కాబట్టి డర్హమ్ సన్యాసుల దృష్టిలో వారి మఠానికి రెండు ఆధారాలు: కత్‌బర్ట్ దేహం, ఓస్వాల్డ్ శిరస్సు. ముద్రకు రెండు వైపులా ఆ ఇద్దరే ఉన్నారు. పాత రోమన్ రత్నాలను ముద్రల్లో పొదగడం ఆనాటి ఇంగ్లండులో మామూలే. బొమ్మ మొదట ఎవరిదన్న దాని కంటే చుట్టూ చెక్కిన మాట ఎవరిదని చెబుతోందన్నదే వారికి లెక్క. పత్రం చేత పట్టుకున్నవాడికి శవపేటికలో ఉన్నదేమిటో ఈ ముద్ర చెబుతుంది. ముద్రలనూ అవశేషాలనూ వేర్వేరు అధ్యాయాలుగా చదవకూడదని నేను అనుకోవడానికి మొదటి కారణం ఇదే.

బిషప్ చనిపోయాక ఆయన ముద్ర అచ్చు ఏమయ్యేది?

మరొకరు దుర్వినియోగం చేయకుండా పగలగొట్టేవారు. డర్హమ్‌లో ఆ వెండి ముక్కలను కత్‌బర్ట్‌కు సమర్పించే ఆచారం ఉండేది. పుస్తకప్రియుడిగా పేరుపొందిన బిషప్ రిచర్డ్ డి బరీ 1345లో మరణించినప్పుడు ఆయన నాలుగు ముద్రలను కరిగించి పూజాపాత్ర చేయించారని, ఆ సంగతి తెలిపే పద్యాన్ని పాత్ర మీద చెక్కించారని మఠం చరిత్రకారులు రాసిపెట్టారు. బిషప్పుల వ్యక్తిగత అచ్చులు తక్కువగా మిగలడానికి, మైనపు ముద్రలే మనకు ముఖ్య సాక్ష్యాలు కావడానికి ఇది కారణం.

పోప్ ముద్రలు కూడా మైనంతోనే ఉండేవా?

ముఖ్యమైనవి సీసంతో ఉండేవి. ఒక వైపు పేతురు, పౌలు తలలు, మరో వైపు పోప్ పేరు. శాశ్వత హక్కులిచ్చే పత్రాలకు ఎరుపు, పసుపు పట్టుదారం, ఆజ్ఞాపత్రాలకు జనపనార తాడు వాడేవారు. పత్రం ఎప్పుడో నశించినా సీసం నశించదు కాబట్టి ఇంగ్లండు పొలాల్లో ఇవి ఇప్పటికీ బయటపడుతుంటాయి.

పవిత్రావశేషం అంటే ఏమిటి? దానికీ ముద్రకూ సంబంధం ఏమిటి?

పునీతుల ఎముకలు, వారు ధరించిన వస్త్రాలు, వాడిన వస్తువులు, వారి సమాధిని తాకించిన గుడ్డముక్కలు కూడా పవిత్రావశేషాల కిందికి వస్తాయి. కొత్త చర్చిని ప్రతిష్ఠించేటప్పుడు అవశేషాలు ఉంచాలని 787 నాటి రెండవ నైసియా మహాసభ నిర్ణయించింది. 1215లో నాలుగవ లాటెరన్ మహాసభ, ప్రాచీన అవశేషాలను పేటిక బయట ప్రదర్శించరాదని, అమ్మకానికి పెట్టరాదని, పోప్ ఆమోదం లేని కొత్తవాటిని ఆరాధించరాదని చెప్పింది. ఆ నిషేధాలు పెట్టవలసి వచ్చిందంటే అంతకుముందు ఏం జరుగుతుండేదో ఊహించవచ్చు.

ఇక సంబంధం. చిన్న ఎముక ముక్కను చూసి అది ఎవరిదో చెప్పగలిగినవారు లేరు. అందుకే దాని పక్కన చర్మపత్రపు చీటీ మీద పేరు రాసి పెట్టేవారు. ఫ్రాన్సులోని సాన్స్, షెల్ చర్చిల్లో 7, 8వ శతాబ్దాల నాటి అలాంటి చీటీలు మిగిలి ఉన్నాయి. తరువాతి కాలంలో పేటికకు దారం కట్టి, దానిపై బిషప్ ఎర్రమైనంతో ముద్ర వేసి, ధ్రువపత్రం జతచేసే పద్ధతి స్థిరపడింది. ముద్ర చెదిరినా, చీటీ పోయినా ఆ ఎముక ఎవరిదో చెప్పేవారు ఉండరు. పత్రం నుంచి ఊడిపోయిన ముద్ర పరిస్థితీ అంతే: ఎవరిదో తెలుస్తుంది గాని, ఏ భూమి గురించి, ఏ సంవత్సరంలో, ఎవరి ముందు వేశారో తెలియదు. వస్తువు మిగలడం ఒక ఎత్తు, దాని సంబంధం మిగలడం మరో ఎత్తు. సేకర్తల పనిని బేరీజు వేయవలసింది రెండోదానితోనే.

కత్‌బర్ట్ శవపేటిక ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది?

ఉత్తర ఇంగ్లండు తీరంలోని దీవి లిండిస్‌ఫార్న్‌కు బిషప్‌గా పనిచేసిన కత్‌బర్ట్ 687లో మరణించాడు. 11 సంవత్సరాల తరువాత, 698లో, సన్యాసులు సమాధి తెరిచి దేహం చెడిపోకుండా ఉందని ప్రకటించి, ఓక్ కలపతో చేసిన పేటికలో ఉంచారు. దాని పలకల మీద ఏసుక్రీస్తు, సువార్తికుల చిహ్నాలు, అపొస్తలులు, ప్రధానదూతలు, తల్లీబిడ్డలు (మరియ, బాలయేసు) సన్నని గీతలతో చెక్కి ఉన్నారు. పేర్లు కొన్ని లాటిన్ లిపిలో, కొన్ని రూనిక్ లిపిలో ఉన్నాయి. వైకింగుల దాడుల వల్ల 875లో సన్యాసులు పేటికను మోసుకుంటూ లిండిస్‌ఫార్న్ విడిచారు. 883లో చెస్టర్-లి-స్ట్రీట్ చేరారు, 995లో డర్హమ్ చేరారు. 1104లో ఇప్పటి కథీడ్రల్‌లోకి మార్చేటప్పుడు మళ్లీ తెరిచారు. అప్పుడే పేటికలో ఒక చిన్న యోహాను సువార్త ప్రతి కనిపించింది. అసలు బైండింగు చెక్కుచెదరకుండా నిలిచిన అతిప్రాచీన ఐరోపా పుస్తకం అదే. 16వ శతాబ్దంలో మఠం రద్దయ్యాక చేతులు మారుతూ పోయి, చివరికి 2012లో 90 లక్షల పౌండ్లకు బ్రిటిష్ లైబ్రరీకి చేరింది.

ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేయించిన కాలంలో, 1530ల చివర, ఆయన పంపిన అధికారులు సమాధిని పగలగొట్టారు. బంగారం, రత్నాలు తీసుకెళ్లారు. లోపల ఎముకలే ఉంటాయనుకున్న కంసాలి సుత్తితో పేటిక పగలగొట్టేటప్పుడు పునీతుడి కాలు ఒకటి విరిగిందని, దేహం చూసి వారు నివ్వెరపోయారని 1593 నాటి ఒక రాతలో ఉంది. చివరికి పేటికను అదే చోట, నేల కింద పూడ్చారు.

అవశేషాలకు తగిలిన ఈ దెబ్బ డర్హమ్ పత్రాలకు అంతగా తగలలేదన్నది గమనించాలి. 1539 చివర మఠం రద్దయినా, 1541లో అదే చోట డీన్ (కథీడ్రల్ పెద్ద), చాప్టర్ (గురువుల మండలి) ఉన్న కథీడ్రల్ కొత్తగా ఏర్పడి, మఠం భూములతో పాటు దస్తావేజులనూ అందుకుంది. భూమి హక్కు కావాలంటే దస్తావేజు కావాలి, దస్తావేజు చెల్లాలంటే ముద్ర ఉండాలి. డర్హమ్‌లో వేల ముద్రలు ఇప్పటికీ వాటి వాటి పత్రాలకే వేలాడుతున్నాయంటే, అందుకు భక్తి కంటే ఆస్తి లెక్కలే ఎక్కువ తోడ్పడ్డాయి.

1827లో సమాధి తెరిచినప్పుడు ఏం దొరికింది?

కథీడ్రల్ గ్రంథాలయాధికారి, చరిత్రకారుడు జేమ్స్ రేన్ సమక్షంలో 1827 మే 17న ప్రధాన పీఠం (బలిపీఠం) వెనుక నేలపలకను ఎత్తారు. ఒకదానిలో ఒకటిగా ఉన్న పేటికల ముక్కలు, పట్టువస్త్రాల్లో చుట్టిన అస్థిపంజరం, దానితో పాటు మరొక పుర్రె బయటపడ్డాయి. ఆ పుర్రె ఓస్వాల్డ్‌దని భావిస్తారు. వెండి రేకు తొడిగిన చిన్న చెక్క పీఠం, దంతపు దువ్వెన, బైజాంటియమ్ పట్టు ముక్కలు కూడా దొరికాయి.

మెడలో వేసుకునే బంగారు సిలువ వస్త్రాల మడతల్లో లోతుగా ఇరుక్కుని ఉంది. మఠం రద్దునాటి అధికారుల కంట పడకపోవడానికి అదే కారణమై ఉంటుంది. అది సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. చేతులు మధ్య నుంచి అంచులకు విచ్చుకుంటూ పోతాయి. సన్నని బంగారు గదుల్లో ఎర్రని గార్నెట్ రత్నపు పలకలను బిగించారు. నడిమధ్య గుండ్రని గార్నెట్ కింద తెల్లని గవ్వ పెంకు ముక్క ఉంది. ఒక చెయ్యి ఎప్పుడో విరిగితే అతికించారు, ఆ మరమ్మతు ఇప్పటికీ కంటికి ఆనుతుంది. సమాధిలో పెట్టడానికి కొత్తగా చేయించిన నగకు మరమ్మతు జాడ ఉండదు. ఇది ఒకరి మెడలో ఏళ్ల తరబడి ఉన్న వస్తువు.

మరో అపురూపమైనది బంగారు జరీతో కుట్టిన స్టోల్, అంటే గురువు భుజాల మీద వేసుకునే పట్టీ. దాని చివర ‘ఎల్‌ఫ్లాడ్ చేయించింది’ అని, మరో చివర ‘భక్తుడైన బిషప్ ఫ్రితెస్తాన్ కోసం’ అని లాటిన్‌లో కుట్టి ఉంది. ఎల్‌ఫ్లాడ్ ఎడ్వర్డ్ రాజు భార్య, ఫ్రితెస్తాన్ 909లో వించెస్టర్ బిషప్ అయ్యాడు. ఆ రెండు పేర్ల వల్ల ఈ కుట్టుపని 10వ శతాబ్దపు తొలి సంవత్సరాలదని తేలిపోతుంది. దక్షిణాదిన చేసిన ఈ వస్త్రం 934లో ఆథెల్‌స్తాన్ రాజు కత్‌బర్ట్ సమాధిని దర్శించినప్పుడు ఇచ్చిన కానుకల్లో ఒకటని సాధారణంగా అంగీకరిస్తారు. వస్త్రమే తన ధ్రువపత్రాన్ని తన మీద మోస్తున్న సందర్భం ఇది.

రేన్ చేసింది సరైన పనేనా?

ఆయన ఉద్దేశం పూర్తిగా నిష్పాక్షికం అనలేం. కత్‌బర్ట్ దేహం చెడిపోలేదని, దాన్ని సన్యాసులు రహస్యంగా మరో చోట దాచారని కాథలిక్కుల్లో నమ్మకం ఉండేది. దాన్ని తోసిపుచ్చాలని ఆయనకు ఉండింది. మరుసటి సంవత్సరమే ఆయన తన వర్ణన ప్రచురించగా, కాథలిక్ చరిత్రకారుడు జాన్ లింగర్డ్ గట్టిగా ప్రశ్నించారు. తవ్వకం హడావుడిగా సాగింది, పేటిక పలకలు ముక్కలయ్యాయి. అయినా రేన్ ఏది ఎక్కడ, ఏ పొర కింద దొరికిందో రాసిపెట్టారు, వస్తువులను వేర్వేరు చేతుల్లోకి పోనివ్వకుండా కథీడ్రల్‌లోనే ఉంచారు. ఎముకలను తిరిగి అక్కడే ఖననం చేశారు. 1899లో మరోసారి తెరిచి పరిశీలించినప్పుడు ఆయన రాత పోల్చుకోవడానికి పనికొచ్చింది. ఆ ఒక్క కారణంతో నేను ఆయన వైపే మొగ్గుతాను.

తొలి పురావస్తు సేకర్తలు ఎవరు?

మఠాలు రద్దయిన తరువాతి రెండు తరాల్లో ఈ పని మొదలైంది. రాబర్ట్ కాటన్ (1571–1631) చెల్లాచెదురైన మఠాల రాతప్రతులను, పత్రాలను, ముద్రలను పెద్ద ఎత్తున కొని కూర్చారు. కత్‌బర్ట్ గౌరవార్థం తయారైన లిండిస్‌ఫార్న్ సువార్తలు, డర్హమ్ సన్యాసులు ప్రార్థనలో తలచుకునే వారి పేర్ల పుస్తకం ఆయన చేతికి వచ్చినవే. ఆ సంపద 1753లో బ్రిటిష్ మ్యూజియం స్థాపనకు పునాది అయిన సేకరణల్లో ఒకటి.

విలియం డగ్డేల్ వస్తువుల కంటే వాటి ఆకృతులను ఎక్కువగా సేకరించారు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం ముంచుకొస్తోందన్న భయంతో, క్రిస్టఫర్ హాటన్ అండతో 1641లో చిత్రకారుణ్ణి వెంటబెట్టుకుని చర్చి చర్చికీ తిరిగి, సమాధులను, గాజు కిటికీలను, చిహ్నాలను గీయించారు. రెండేళ్లకే పీటర్‌బరో కథీడ్రల్‌లో సైనికులు అనేకం ధ్వంసం చేశారు. హాటన్ కోసం ఆ రోజుల్లోనే తయారైన ముద్రల పుస్తకంలో ఐదు వందలకు పైగా పత్రాలను, వాటికి వేలాడే ముద్రలతో సహా, అక్షరం పొల్లుపోకుండా నకలు చేశారు. వాటిలో చాలావాటి అసళ్లు తరువాత జాడలేకుండా పోయాయి. ఆ పుస్తకంలో ముద్ర బొమ్మను దాని పత్రం పాఠం నుంచి విడదీయకపోవడం నాకు ఎంతో విలువైన నిర్ణయంగా కనిపిస్తుంది.

18వ శతాబ్దంలో సేకరణ సంఘటితమైంది. లండన్ పురావస్తు సంఘం 1707లో మొదలై 1751లో రాజపత్రం పొందింది. దాని తొలి కార్యదర్శి విలియం స్టూక్లీ వద్ద, 1170లో హత్యకు గురైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్ అవశేషాల కోసం 1180ల ప్రాంతంలో ఫ్రాన్సులోని లిమోజ్ ఎనామెల్‌తో (లోహంపై కరిగించిన రంగుగాజు పూత) చేసిన పేటిక ఉండేది. దాని నీలి పలకల మీద హత్యాదృశ్యం ఉంటుంది. ఇప్పుడది లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. లోపలి అవశేషాలు మాత్రం లేవు.

డర్హమ్ ముద్రల విషయంలో స్మరించవలసిన పేరు విలియం గ్రీన్‌వెల్ (1820–1918). కథీడ్రల్ కాననుగా (అక్కడి గురువుల్లో ఒకరు), గ్రంథాలయాధికారిగా ఆయన చేసిన ముద్రల పట్టికను హంటర్ బ్లెయిర్ సరిచూసి, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వెలువరించారు. పరిశోధకులు ఇప్పటికీ ఆ వరుస సంఖ్యలతోనే డర్హమ్ ముద్రలను ప్రస్తావిస్తారు.

సేకర్తల వల్ల నష్టం కూడా జరిగిందా?

జరిగింది. అందమైన ముద్ర కనిపిస్తే పట్టీ కోసి ముద్రను మాత్రం అరలో పెట్టుకుని, చర్మపత్రాన్ని వదిలేసినవారు ఉన్నారు. నాణేల్లా వరుసగా అమర్చితే ముచ్చటగా ఉంటుందన్నది వారి ఆలోచన. అలా కోసిన ముద్రకు తేదీ ఉండదు. సేకర్త దురాశాపరుడు కానక్కరలేదు, ఆ వస్తువును ప్రేమించేవాడే ఈ పని చేశాడు. అందుకే ఇది మరింత బాధ కలిగిస్తుంది.

ఒకే చోట కూర్చడంలో ఇంకో ప్రమాదం ఉంది. 1731 అక్టోబరు 23న ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌లో మంటలు చెలరేగి కాటన్ సేకరణ దెబ్బతింది. 1215 నాటి మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం) ప్రతి ఒకటి అక్కడే కాలింది, దాని ముద్ర కరిగి ఆకారం లేని ముద్దగా మిగిలింది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది కాబట్టి మంట తాకనక్కరలేదు, సెగ చాలు.

పాత ముద్రల నకళ్లకు విలువ ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. 19వ శతాబ్దంలో జాన్ డబుల్‌డే గంధకంతోను, ప్లాస్టర్‌తోను ముద్రల నకళ్లు పోసి అమ్మేవారు. ముక్కలైన పోర్ట్‌లాండ్ గాజు పాత్రను 1845లో బ్రిటిష్ మ్యూజియం కోసం అతికించింది కూడా ఈయనే. తరువాత అరిగిపోయిన లేదా విరిగిపోయిన ముద్రల విషయంలో ఈ నకళ్లే స్పష్టమైన రూపాన్ని చూపుతున్నాయి.

దొంగ ముద్రలు ఉండేవా?

మధ్యయుగంలోనే ఉండేవి. అసలు సీసపు ముద్రను పాత పత్రం నుంచి నేర్పుగా తప్పించి కొత్త పత్రానికి తగిలించడం వంటి పద్ధతులను పోప్ మూడవ ఇన్నోసెంట్ ఒక్కొక్కటిగా వివరించి హెచ్చరించారు. డర్హమ్ సన్యాసులూ ఇందుకు అతీతులు కారు. 1083లో మఠాన్ని స్థాపించిన బిషప్ విలియం పేరుతో ఉన్న హక్కుపత్రాలు కొన్ని ఆయన పోయిన తరువాత మఠంలో తయారైనవని పండితులు తేల్చారు. తమకు న్యాయంగా చెందుతుందని నమ్మినదానికి కాగితం లేకపోతే సృష్టించుకోవడం ఆనాటి మఠాల్లో అరుదు కాదు. అలాంటి పత్రం కూడా చరిత్రకు సాక్ష్యమే, అయితే అది చెప్పుకున్న కాలానికి కాక, రాసిన కాలానికి.

సేకర్తల కోసమే చేసినవి వేరు. 1857 ప్రాంతంలో లండన్‌లో విలియం స్మిత్, చార్లెస్ ఈటన్ అనే ఇద్దరు సీసంతో యాత్రికుల పతకాలు పోతపోసి, థేమ్స్ ఒడ్డున దొరికాయని అమ్మారు. చదువు రాని ఆ ఇద్దరు వాటిమీద పోసిన అక్షరాలకు ఏ భాషలోనూ అర్థం లేదు. అయినా కొందరు పండితులు వాటిని సమర్థించారు. 1858లో వ్యవహారం కోర్టుకెక్కింది.

మన రాగి శాసనాల ముద్రలతో, బౌద్ధ ధాతువులతో వీటిని పోల్చవచ్చా?

పోలిక అర్థం చేసుకోవడానికి ఉపయోగపడుతుంది. తూర్పు చాళుక్యుల రాగి రేకులను గుచ్చిన కడియానికి వరాహం బొమ్మతో, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలతో ముద్ర ఉంటుంది. కడియం కోయకుండా రేకును తీయలేరు. అందుకే శాసన పరిష్కర్తలు, తమ చేతికి వచ్చేటప్పటికి కడియం కోసి ఉందా లేదా అన్నది మొదట రాస్తారు. మైనపు ముద్ర పట్టీ విషయంలో ఐరోపా పండితులు చూసేదీ అదే.

ధాతువుల, అంటే బుద్ధుడి దేహావశేషాల, విషయంలో గుంటూరు ప్రాంతపు భట్టిప్రోలు స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ బ్రాహ్మీ లిపి చెక్కిన రాతి పేటికలను, వాటిలోని స్ఫటిక పేటికను వెలికితీశారు. అక్కడి ధాతువును 1920లో కలకత్తా ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు, అంటే మ్యూజియం దాటి మళ్లీ ఆరాధనలోకి వచ్చింది. కత్‌బర్ట్ ఎముకలు ఎన్నడూ మ్యూజియానికి పోలేదు, ఇప్పటికీ డర్హమ్‌లో ప్రధాన పీఠం వెనుక నేలపలక కిందే ఉన్నాయి.

ఇలాంటివి కొనవచ్చా? ఇంగ్లండులో ఉంటున్న మాకు దొరికితే ఏం చేయాలి?

అవశేషాల అమ్మకాన్ని కాథలిక్ చర్చి చట్టం పూర్తిగా నిషేధించింది. ముద్ర అచ్చుల అమ్మకం చట్టబద్ధమే గాని, ఎక్కడ దొరికిందో రాతపూర్వకంగా చెప్పలేనిదాన్ని కొనవద్దని మా సలహా. ఇంగ్లండు, వేల్స్‌లో 300 ఏళ్లు దాటిన వెండి అచ్చు దొరికితే 1996 నాటి నిధుల చట్టం ప్రకారం 14 రోజుల్లో తెలియజేయాలి. రాగి మిశ్రమం అచ్చులు చాలావరకు ఆ చట్టం కిందికి రావు. అయినా పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకంలో నమోదు చేయిస్తే దొరికిన చోటు వివరం నిలుస్తుంది.

డర్హమ్ వెళితే ఏమేం చూడగలం?

సిలువ, పేటిక పలకలు కథీడ్రల్ ఆవరణలోని పాత మఠం వంటశాలలో 2017 నుంచి ప్రదర్శనలో ఉన్నాయి. వస్త్రాలు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి అన్నీ ఎప్పుడూ బయట ఉండవు. ముద్రలున్న పత్రాలు పరిశోధకుల కోసం భద్రపరిచినవి, వాటికి ముందుగా అనుమతి తీసుకోవాలి.

మా ఇంట్లో మైనం లేదా లక్క ముద్ర ఉన్న పాత పత్రం ఉంది. ఎలా కాపాడాలి?

ముద్రను పత్రం నుంచి విడదీయకండి, వేలాడుతూ ఊడిపోయేలా ఉన్నా సరే. ఊడిపోయి ఉంటే ఆ ముక్కలన్నీ అదే పత్రంతో ఒకే డబ్బాలో ఉంచి, ఏ పత్రానిదో చీటీ రాసి పెట్టండి. జిగురుతో అతికించవద్దు, లామినేషన్ చేయించవద్దు, నూనెతో గాని నీటితో గాని తుడవవద్దు. బీరువాలో కట్టల కింద నొక్కి పెట్టకుండా, ముద్ర చుట్టూ మెత్తని ఆమ్లరహిత కాగితంతో గూడులా చేసి, పత్రాన్ని బల్లపరుపుగా ఉంచాలి. మన వేసవిలో రేకుల కప్పు కింది గది, ఎండ తగిలే గోడ మైనానికి మంచివి కావు. కరగకపోయినా మెత్తబడి, గీతలు అణిగిపోతాయి. పక్కన కొలబద్ద పెట్టి రెండు వైపులా పక్కవెలుతురులో ఫోటోలు తీసి ఉంచుకుని, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన సంస్థ వంటి చోట నిపుణులకు చూపించండి.